డబ్బు ఎక్కడ ఆగింది? దుకాణదారులు తరచుగా అడిగే చెల్లింపుల ప్రశ్నలు

క్యూఆర్ పెట్టడానికో, స్వైపింగ్ మిషన్ అంటగట్టడానికో వచ్చిన కుర్రాడు గడగడా చెప్పే మాటలు, నెలాఖరు స్టేట్‌మెంట్‌లో కనిపించే పొడి అక్షరాలు చాలామంది వ్యాపారులకు కొరకరాని కొయ్యలే. వాటిని ఇక్కడ నిఘంటువులా వరసగా పెట్టలేదు. కస్టమర్ ఖాతా నుంచి మీ ఖాతాకు వచ్చే దారిలో డబ్బు ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ తరుగుతుంది అన్నదే చూశాం. ఈ రంగంలో ప్రతి పేరూ దాదాపుగా ఆ రెండింటిలో ఒకదానికి పెట్టిన పేరే.

కస్టమర్ కార్డు గీకాక, నా ఖాతాలో డబ్బు పడేలోపు మధ్యలో ఎవరెవరు ఉంటారు?

మంగళగిరిలో ఒక చీరల కొట్టు అనుకుందాం. ఒకావిడ రూ.10,000 చీర తీసుకుని క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఆవిడకు కార్డు ఇచ్చిన బ్యాంకు ఇష్యూయర్. మీకు మిషన్ ఇచ్చి, మీ తరఫున డబ్బు రాబట్టే బ్యాంకు అక్వైరర్. ఈ రెండు బ్యాంకుల మధ్య సమాచారం మోసేది నెట్‌వర్క్, అంటే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటివి. మిషన్ మీద ‘అప్రూవ్డ్’ అని వచ్చిన క్షణాన డబ్బేమీ కదలదు. ‘ఈ మొత్తం ఇస్తాను’ అని ఇష్యూయర్ ఒప్పుకుంటుంది, అంతే. అసలు డబ్బు తర్వాత బ్యాంకుల మధ్య లెక్కలు తేలాక వస్తుంది.

యూపీఐలో దారి వేరు. దేశంలో చెల్లింపుల వ్యవస్థలు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2016లో తెచ్చిన ఈ పద్ధతిలో కస్టమర్ బ్యాంకులో కోత, అవతలి బ్యాంకులో జమ సెకన్లలో జరిగిపోతాయి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లు కస్టమర్ వైపు ఆదేశం పంపే కిటికీలు మాత్రమే. ‘నా ఫోన్‌పేలో డబ్బులున్నాయి’ అంటే అర్థం బ్యాంకు ఖాతాలో ఉన్నాయనే, వాలెట్ (ముందుగా యాప్‌లోనే వేసి ఉంచుకునే డబ్బు) వాడేవాళ్లను పక్కన పెడితే. కానీ అలాంటి కంపెనీయే మీ కౌంటర్ మీద క్యూఆర్ పెట్టిందంటే అక్కడ దాని వేషం మారుతుంది. డబ్బు ముందు దాని తరఫున నడిచే ఖాతాలో పడి, అక్కడి నుంచి మీకు రావచ్చు. ‘కస్టమర్‌కు పోయింది, నాకు రాలేదు’ అనే గొడవల్లో చాలా భాగం పుట్టేది ఇక్కడే.

పేమెంట్ గేట్‌వే, పేమెంట్ అగ్రిగేటర్ ఒకటేనా?

అమ్మేవాళ్లు రెండింటినీ ‘గేట్‌వే’ అనేస్తారు. చట్టం దృష్టిలో తేడా పెద్దది. గేట్‌వే సాంకేతిక దారి మాత్రమే ఇస్తుంది, మీ డబ్బు ముట్టుకోదు. అగ్రిగేటర్ ఎందరో వ్యాపారుల తరఫున డబ్బు తీసుకుని, తన దగ్గర ఉంచుకుని, తర్వాత పంచుతుంది. అందుకే రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో బ్యాంకులు కాని అగ్రిగేటర్లకు అనుమతి తప్పనిసరి చేసింది. వ్యాపారుల డబ్బు కంపెనీ సొంత డబ్బుతో కలవకుండా ఎస్క్రో ఖాతాలో ఉండాలని కూడా చెప్పింది. మీకు సేవ ఇస్తున్న కంపెనీ పేరు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లోని అనుమతి పొందిన అగ్రిగేటర్ల జాబితాలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రేటు తక్కువని ఊరూపేరూ లేని కంపెనీకి వసూళ్లు అప్పజెప్పడం కంటే పావు శాతం ఎక్కువ ఇవ్వడమే మేలు.

ఎండీఆర్ అంటే ఏమిటి? నా పదివేలలో ఎంత పోతుంది?

మర్చంట్ డిస్కౌంట్ రేటు. పేరులో డిస్కౌంట్ ఉన్నా మీకేమీ తగ్గింపు రాదు, మీకు రావలసిన దాంట్లోంచే తగ్గిస్తారు. పై చీరకే లెక్క వేద్దాం. క్రెడిట్ కార్డు ఎండీఆర్ 1.8 శాతం అనుకుంటే రూ.180. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.32.40. మొత్తం రూ.212.40 పోయి, మీకు వచ్చేది రూ.9,787.60.

ఈ రూ.180 ఒక్కరి జేబులోకి వెళ్లదు. పెద్ద వాటా కస్టమర్ బ్యాంకుది. దాన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. ఆవిడకు వచ్చే రివార్డ్ పాయింట్లకు డబ్బు ప్రధానంగా ఇక్కడి నుంచే. కొంత నెట్‌వర్క్‌కు, మిగిలింది మీ అక్వైరర్‌కో అగ్రిగేటర్‌కో. బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. మీ ఎదురుగా కూర్చున్నవాడు తగ్గించగలిగేది తన వాటాను మాత్రమే. అందుకే ఎంత గట్టిగా అడిగినా ఒక హద్దు దాటి కిందికి దిగడు.

క్రెడిట్ కార్డు ఎండీఆర్‌కు రిజర్వ్ బ్యాంకు పరిమితి పెట్టలేదు. డెబిట్ కార్డుకు 2018 జనవరి 1 నుంచి పెట్టింది. ఏడాది అమ్మకాలు రూ.20 లక్షల వరకు ఉన్న వ్యాపారికి మిషన్ మీద 0.40 శాతం, ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా రూ.200. అంతకు పైబడినవాళ్లకు 0.90 శాతం, గరిష్ఠంగా రూ.1,000. అంటే పెద్ద నగల దుకాణంలో ఒకరు డెబిట్ కార్డుతో రూ.3 లక్షల హారం కొంటే 0.90 శాతం లెక్కన రూ.2,700 పోవాలి గానీ, పరిమితి ఉంది కనుక రూ.1,000 దాటకూడదు. ఖరీదైన సరుకు అమ్మేవాళ్లు స్టేట్‌మెంట్‌లో ముందు వెతకవలసింది ఈ పరిమితి అమలైందా లేదా అన్నదే. రూపే డెబిట్ కార్డుకైతే 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ సున్నా.

ఇంకో చిక్కు: ‘అన్ని కార్డులకూ ఒకటే రేటు’ అనే ఆఫర్. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ మీ దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది డెబిట్ కార్డు ఇచ్చేవాళ్లయితే క్రెడిట్ కార్డు స్థాయి రేటు వాటికీ అంటించడం కుదరదు. పై పరిమితి అక్కడా వర్తిస్తుంది.

యూపీఐకి ఎండీఆర్ సున్నా అన్నారు. మరి నెలనెలా ఏదో కట్ అవుతోందే?

బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపుకు ఎండీఆర్ లేదన్నది నిజమే. కోత పడుతోందంటే ఈ మూడింటిలో ఒకటి చూడండి.

మొదటిది సౌండ్ బాక్స్ అద్దె. అది ఎండీఆర్ కాదు, పరికరం కిరాయి. దానికి మీరు ఆటోపే (నెలనెలా దానంతటదే కోత పడే ఏర్పాటు) ఒప్పుకుని ఉంటారు, లేదా రోజువారీ వసూళ్లలోంచే తీసుకుంటూ ఉంటారు. డబ్బా మూలన పడేసినంత మాత్రాన అద్దె ఆగదు, రద్దు చేయమని అడగాలి.

రెండోది వాలెట్. కస్టమర్ బ్యాంకు ఖాతా నుంచి కాకుండా వాలెట్ నుంచి యూపీఐ ద్వారా రూ.2,000కు మించి కడితే, 2023 ఏప్రిల్ 1 నుంచి వ్యాపార రకాన్ని బట్టి 1.1 శాతం వరకు ఇంటర్‌చేంజ్ ఉంది. అది మీ బ్యాంకు వాలెట్ కంపెనీకి ఇచ్చేది. అయితే ఆ భారం మీ రేటులో కనిపించవచ్చు. చిన్న వ్యాపారుల విభాగంలో నమోదైనవాళ్లకు ఇది వర్తించదు.

మూడోది యూపీఐకి కలిపిన రూపే క్రెడిట్ కార్డు. చూడటానికి మామూలు స్కానే, లోపల మాత్రం క్రెడిట్ కార్డు లావాదేవీ. చిన్న వ్యాపారులకు రూ.2,000 వరకు చార్జీ లేదు, ఆ పైన ఉంటుంది. ఏది ఖాతా నుంచి వచ్చిందో, ఏది క్రెడిట్ నుంచి వచ్చిందో సౌండ్ బాక్స్ చెప్పకపోవచ్చు. యాప్‌లో లావాదేవీ తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

కార్డు ఇస్తే 2 శాతం ఎక్కువ తీసుకోవచ్చా?

చాలాచోట్ల తీసుకుంటున్నారు, ముఖ్యంగా సెల్‌ఫోన్, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో. డెబిట్ కార్డుకైతే అది కుదరదు. ఎండీఆర్‌ను కస్టమర్ మీద వేయకుండా బ్యాంకులే చూసుకోవాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. క్రెడిట్ కార్డు విషయంలో మీ ఒప్పందం చదవండి, అదనపు వసూలు వద్దనే షరతు ఉండే అవకాశమే ఎక్కువ. కస్టమర్ ఫిర్యాదు చేస్తే మిషన్ వెనక్కి తీసుకోవచ్చు.

ఎండీఆర్ మీద వేసే జీఎస్టీ తిరిగి వస్తుందా?

మామూలు పద్ధతిలో జీఎస్టీ కడుతున్నవాళ్లు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించి తీసుకోవచ్చు. కాంపోజిషన్‌లో (అమ్మకాల మీద ఒక చిన్న శాతం కట్టే పథకం) ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. రూ.2,000 వరకు ఉన్న కార్డు లావాదేవీల సెటిల్‌మెంట్ (డబ్బు మీ ఖాతాకు చేర్చే) సేవకు అసలు జీఎస్టీయే లేదు. కాబట్టి చిన్న బిల్లుల మీద కూడా వేసి ఉంటే అడగండి.

‘టీ ప్లస్ 1’ అంటే మర్నాడు డబ్బు వస్తుందనేనా?

టీ అంటే లావాదేవీ రోజు, ప్లస్ 1 అంటే దాని మర్నాడు. చెప్పడం ఇంత సులువే. ఒప్పందంలో మాత్రం మూడు విషయాలు వెతకాలి.

‘టీ’ ఏ రోజు? కస్టమర్ డబ్బు కట్టిన రోజా, సరుకు అతనికి చేరిన రోజా? ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇది వారం తేడా తేగలదు. పోచంపల్లి నుంచి చీర కొరియర్‌లో వెళ్లడానికి అయిదు రోజులు పడితే, చేరిన రోజును టీ అనుకునే ఒప్పందంలో ఆ అయిదు రోజులూ మీ పెట్టుబడి ఎస్క్రోలో కూర్చుంటుంది.

రోజు ఎన్ని గంటలకు ముగుస్తుంది? రాత్రి కట్ఆఫ్ తర్వాత వచ్చినవి మర్నాటి లెక్కలోకి వెళ్తాయి. రాత్రి పది దాటాక బిర్యానీ పార్సిళ్లు జోరందుకునే హోటల్‌కు సగం అమ్మకాలు ఎప్పుడూ ఒకరోజు వెనక పడేది ఇందుకే.

సెలవు రోజులు లెక్కలోకి వస్తాయా? ‘పనిదినం’ అని రాసి ఉంటే రెండో శనివారం, ఆదివారం కలిసిన వారాంతంలో శుక్రవారం సాయంత్రం అమ్మకం సోమవారానికో మంగళవారానికో చేరుతుంది. శనివారం సంతకు సరుకు తెచ్చుకునే వ్యాపారికి ఇది చిన్న విషయం కాదు.

ఇన్‌స్టంట్ సెటిల్‌మెంట్ పేరుతో వెంటనే డబ్బు ఇస్తామనే సేవకు సాధారణంగా విడిగా చార్జీ ఉంటుంది. నెల మొత్తానికి అది ఎంతవుతుందో లెక్కేసుకున్నాకే ఒప్పుకోండి. రోజూ డబ్బు అవసరం లేని బట్టల కొట్టుకు అది దండగ ఖర్చు. తెల్లవారుజామున మార్కెట్‌లో నగదు పెట్టి కూరగాయలు కొనేవాళ్లకైతే అక్కరకొస్తుంది.

‘రిజర్వ్’ అనే మాట కూడా కనిపించవచ్చు. రిఫండ్లు, వివాదాలు ఎక్కువగా ఉండే వ్యాపారాల్లో వసూళ్లలో కొంత శాతాన్ని కొన్నాళ్లు పట్టి ఉంచుతారు. ఎంత శాతం, ఎన్నాళ్లు అన్నది రాతలో ఉండాలి.

యాప్‌లో అమ్మకం రూ.18,400 చూపిస్తోంది, బ్యాంకులో పడింది వేరే అంకె. ఎక్కడ తప్పింది?

బహుశా ఎక్కడా తప్పలేదు. యాప్ చూపేది మొత్తం అమ్మకం. బ్యాంకులో పడేది ఎండీఆర్, జీఎస్టీ, అద్దె, ఆ రోజు ఇచ్చిన రిఫండ్లు తీసేసిన నికరం, అదీ అన్ని లావాదేవీలూ కలిపి ఒకే మూటగా. ఈ రెంటినీ జత చేయడమే రీకన్సిలియేషన్.

దీనికి రెండు నంబర్లు తెలిస్తే చాలు. ఆర్‌ఆర్‌ఎన్ ఒక్కో లావాదేవీకి ఉండే 12 అంకెల నంబరు. కస్టమర్ ఫోన్‌లోనూ కనిపిస్తుంది. యూటీఆర్ బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు వెళ్లినప్పుడు వచ్చే నంబరు. సెటిల్‌మెంట్ మూట దీంతోనే వస్తుంది. యాప్‌లు యూపీఐ లావాదేవీ నంబరునే యూటీఆర్ అని చూపించడం వల్ల కొంత గందరగోళం తప్పదు. కస్టమర్‌తో గొడవకు ఆయన ఫోన్‌లోని 12 అంకెలు కావాలి, అగ్రిగేటర్‌తో గొడవకు సెటిల్‌మెంట్ యూటీఆర్ కావాలి. వీటితోపాటు ఎంఐడీ అంటే మీ దుకాణం నంబరు, టీఐడీ అంటే మిషన్ నంబరు. రెండు కౌంటర్లలో రెండు మిషన్లుంటే ఏ కౌంటర్ లెక్క తగ్గిందో టీఐడీ చెబుతుంది.

వాయిడ్, రిఫండ్, ప్రీఆథ్... వీటి తేడా?

లెక్క ఇంకా సెటిల్‌మెంట్‌కు వెళ్లకముందే, సాధారణంగా అదే రోజు, లావాదేవీని రద్దు చేస్తే వాయిడ్. వెళ్లాక డబ్బు తిరిగి ఇస్తే రిఫండ్. చాలా ఒప్పందాల్లో రిఫండ్ ఇచ్చినా ఎండీఆర్ వెనక్కి రాదు. అందుకే పొరపాటున రెండుసార్లు గీకితే అప్పుడే వాయిడ్ చేయడం మంచిది. ప్రీఆథ్ అంటే మొత్తాన్ని పట్టి ఉంచి, తర్వాత అసలు బిల్లుకు సరిపడా తీసుకోవడం. లాడ్జిలు, కార్లు అద్దెకిచ్చేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు దీనితో పనిలేదు.

రిఫండ్ ఎప్పుడూ వచ్చిన దారినే పంపండి. ‘కార్డుకు వద్దు, ఈ నంబరుకు గూగుల్ పే చేయండి’ అని అడిగితే ఒప్పుకోకండి. అతను తర్వాత బ్యాంకుకు వెళ్లి ‘రిఫండ్ రాలేదు’ అంటే రికార్డులో రాలేదనే ఉంటుంది. మీరు రెండుసార్లు కట్టినట్టవుతుంది.

కస్టమర్‌కు కట్ అయిందట, నాకు రాలేదు. సరుకు ఇవ్వాలా?

మీ యాప్‌లోనో ఖాతాలోనో కనిపించేదాకా ఇవ్వకండి. స్క్రీన్‌షాట్ రుజువు కాదు. చెల్లింపు అయినట్టు చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. సౌండ్ బాక్సులు ఇంతగా పాకడానికి కారణం కూడా ఇదే. రద్దీ వేళ ఫోన్ తీసి చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

నిజంగానే మధ్యలో ఆగిపోయిన డబ్బుకు రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. కస్టమర్ ఖాతాలో కోత పడి వ్యాపారికి నిర్ధారణ అందకపోతే, యూపీఐలోనూ, కార్డు మిషన్ మీద కూడా టీ ప్లస్ 5 రోజుల్లోగా డబ్బు దానంతటది వెనక్కి వెళ్లాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున కస్టమర్‌కు పరిహారం. ఈ సంగతి నెమ్మదిగా చెబితే కౌంటర్ దగ్గర అరుపులు సగం తగ్గుతాయి.

చార్జ్‌బ్యాక్ అంటే ఏమిటి? మూడు వారాల కిందటి అమ్మకానికి ఇప్పుడు డబ్బు వెనక్కి లాగేశారు!

రిఫండ్ మీరు ఇచ్చేది, చార్జ్‌బ్యాక్ మీ దగ్గర్నుంచి తీసుకునేది. కస్టమర్ తన బ్యాంకుకు వెళ్లి ‘ఈ కొనుగోలు నేను చేయలేదు’, ‘సరుకు రాలేదు’, ‘రెండుసార్లు పోయింది’ అని ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు దాన్ని నెట్‌వర్క్ ద్వారా మీ అక్వైరర్‌కు పంపుతుంది. విచారణ నడుస్తుండగానే మీ వసూళ్లలోంచి ఆ మొత్తం ఆపేయవచ్చు.

ఇక్కడ గెలుపోటములను తేల్చేది న్యాయం కన్నా కాగితాలు, గడువు. నోటీసు సాధారణంగా ఈమెయిల్‌కు వస్తుంది. ఖాతా తెరిచిన రోజున మిషన్ కుర్రాడు తన సొంత ఈమెయిల్ ఇచ్చేసి ఉంటే మీకు ఆ సంగతే తెలియదు. ముందు అది సరిచూసుకోండి. జవాబుగా బిల్లు, మిషన్ నుంచి వచ్చే చార్జ్ స్లిప్, కొరియర్ వాళ్లు ఇచ్చిన డెలివరీ రసీదు, కస్టమర్‌తో నడిచిన వాట్సాప్ సంభాషణ పంపాలి. గడువు దాటితే మీ వైపు ఎంత న్యాయం ఉన్నా ఓడిపోయినట్టే.

పిన్ కొట్టిన, ఓటీపీ ఇచ్చిన లావాదేవీలో ‘ఇది నేను చేయలేదు’ అనే వాదన మీ మీద సాధారణంగా నిలవదు. ఆ భారం కార్డు ఇచ్చిన బ్యాంకుది. కానీ ‘సరుకు రాలేదు’ అన్న ఫిర్యాదుకు ఓటీపీ మిమ్మల్ని కాపాడదు. విదేశీ కార్డులకు మన ఓటీపీ నిబంధన వర్తించదు కాబట్టి అక్కడ ‘నేను చేయలేదు’ అన్నది కూడా మీ నెత్తికే చుట్టుకోవచ్చు.

అమెరికాలో ఉన్న కస్టమర్ల నుంచి డబ్బు ఎలా తీసుకోవాలి?

డల్లాస్ నుంచో, న్యూజెర్సీ నుంచో వాట్సాప్‌లో చీరలు ఎంచుకునేవాళ్లకు రెండు దారులు. అంతర్జాతీయ కార్డులు తీసుకునే పేమెంట్ లింక్ ఒకటి. దీని ఎండీఆర్ దేశీ కార్డుల కన్నా బాగా ఎక్కువ, చార్జ్‌బ్యాక్ భయమూ ఎక్కువే. రెండోది, వాళ్లకు ఇక్కడ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతా) ఉంటే, అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, యూఏఈ లాంటి కొన్ని దేశాల ఫోన్ నంబర్లతో కూడా వాళ్లు యూపీఐ వాడుకోవచ్చు. వాళ్ల బ్యాంకు ఆ వీలు ఇస్తే చాలు. మీకు వచ్చేది మామూలు యూపీఐ చెల్లింపే. పాత కస్టమర్లకు రెండోదే చెప్పి చూడండి.

కార్డు నంబరు, వెనక ఉండే మూడంకెల సీవీవీ వాట్సాప్‌లో పంపమని మాత్రం ఎప్పుడూ అడగకండి. వ్యాపారి కస్టమర్ కార్డు నంబరు దాచుకోవడం 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో కుదరదు. వెబ్‌సైట్‌లో ‘సేవ్ కార్డ్’ నొక్కితే నిలవుండేది అసలు నంబరు కాదు, దాని బదులు ఇచ్చే టోకెన్.

ఎంసీసీ అని ఏదో నాలుగంకెల కోడ్ అడుగుతున్నారు.

మీ వ్యాపారం ఏ రకమో చెప్పే కోడ్. కిరాణా, సూపర్ మార్కెట్లకు 5411, హోటళ్లు, రెస్టారెంట్లకు 5812, మందుల షాపులకు 5912. రేట్లు, పరిమితులు, కస్టమర్‌కు వచ్చే రివార్డులు దీని మీద ఆధారపడతాయి. తక్కువ రేటు కోసం వేరే కోడ్ వేయిస్తానని ఏజెంటు ఆశ చూపితే వద్దనండి. తనిఖీలో దొరికితే ఆగిపోయేవి మీ వసూళ్లు, అతనివి కావు.

ఇదే కోవలోది ‘క్రెడిట్ కార్డు గీకి క్యాష్ ఇస్తాం’ వ్యాపారం. సరుకు అమ్మకుండా కమీషన్‌కు మిషన్ తిప్పడం ఒప్పందానికి విరుద్ధం. స్నేహితుడి కోసం ఒక్కసారే అనిపించినా, కార్డు బిల్లు అతను కట్టకపోతే విచారణ మీ ఎంఐడీ దాకా వస్తుంది.

సొంత ఖాతా క్యూఆర్ చాలదా? మర్చంట్ క్యూఆర్ ఎందుకు?

టీ బండికి, చిన్న కూరగాయల కొట్టుకు చాలు. కానీ వ్యక్తిగత క్యూఆర్‌కు రూపే క్రెడిట్ కార్డుతో యూపీఐ చెల్లింపు రాదు, లెక్కల రిపోర్టులు రావు, ఇంటి ఖర్చు, కొట్టు అమ్మకం కలగలిసిపోతాయి. ఒక కంపెనీ క్యూఆర్ పెడితే మిగతా యాప్‌ల వాళ్లు పోతారన్న అనుమానం అక్కర్లేదు. యూపీఐ క్యూఆర్‌ను ఏ యూపీఐ యాప్‌తోనైనా స్కాన్ చేయవచ్చు. కౌంటర్ మీద నాలుగు స్టిక్కర్లు అక్కర్లేదు, అంటించిన ఒక్కదాని మీద ఎవరైనా వేరేది అంటించారేమో పొద్దున్నే ఒకసారి చూసుకుంటే చాలు.

బ్యాంకు నా ఖాతాలో కొంత డబ్బుకు ‘లీన్’ పెట్టిందట. నేనేం తప్పు చేశాను?

బహుశా ఏమీ చేయలేదు. సైబర్ మోసంలో పోయిన డబ్బు చేతులు మారుతూ వచ్చి, ఆ చేతుల్లో ఒకటి మీ కొట్టులో సరుకు కొని ఉంటుంది. బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయగానే, డబ్బు వెళ్లిన దారిలో ఉన్న ఖాతాలన్నిటికీ కబురు వెళ్తుంది. లీన్ అంటే ఆ మొత్తాన్ని మాత్రం కదలకుండా పట్టి ఉంచడం. ఫ్రీజ్ అంటే ఖాతా మొత్తం ఆపడం. రెండు వందల రూపాయల అమ్మకానికి ఖాతా మొత్తం ఆపితే, ఆ మొత్తానికే లీన్ పెట్టి మిగతాది వదలమని రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్ అన్న వివరాలు బ్యాంకు నుంచి తీసుకుని, ఆ అమ్మకం బిల్లును దర్యాప్తు అధికారికి పంపాలి. కేసు పరాయి రాష్ట్రానిదైతే ఇది విసుగు పుట్టించే పని. తేదీ, సమయం ఉన్న బిల్లులు ఇచ్చే అలవాటున్న కొట్టు త్వరగా బయటపడుతుంది. లేనివాళ్లకు తిప్పలే.

యూపీఐ తీసుకుంటే పన్ను నోటీసులు వస్తాయా?

2025 జులైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ లెక్కల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వెళ్లాక బెంగళూరులో కొందరు ‘నో యూపీఐ’ బోర్డులు పెట్టారు. ఆ టెన్షన్ ఇక్కడికీ పాకింది. యూపీఐ వల్ల కొత్త పన్నేమీ పుట్టదు. సరుకులు అమ్మేవాళ్లకు జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రూ.40 లక్షలు, తెలంగాణలో రూ.20 లక్షలు. సేవలకు రెండుచోట్లా రూ.20 లక్షలు. నగదైనా యూపీఐ అయినా ఆ లెక్కలో ఒకటే. పైగా ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులకు ఉన్న అంచనా ఆదాయ పద్ధతిలో నగదు అమ్మకాల మీద 8 శాతాన్ని లాభంగా చూపాలి, బ్యాంకు ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం చాలు. ఇంటి నుంచి వచ్చిన డబ్బు, చేబదుళ్లు కూడా కొట్టు ఖాతాలోనే పడుతుంటే మాత్రం అమ్మకాలు లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. ఖాతాలు వేరు చేయడానికి అదొక్కటే చాలు కారణం.

డబ్బు ఆగిపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ముందు మీకు క్యూఆర్ లేదా మిషన్ ఇచ్చినవాళ్లకు, యాప్‌లోనో ఈమెయిల్‌లోనో. ఫోన్‌లో చెప్పినదానికి రికార్డు ఉండదు. తేదీ, మొత్తం, ఆర్‌ఆర్‌ఎన్, ఎంఐడీ రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేయకండి, మోసగాళ్లు కాచుకుని ఉండేది అక్కడే. బ్యాంకు మీద ఫిర్యాదై, 30 రోజులు దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) ఆన్‌లైన్‌లో ఉచితంగా రాయవచ్చు. సమాచారానికి 14448కి ఫోన్ చేయవచ్చు.